నాంచారి కుడిచెయ్యి

పటమట, విజయవాడ
ఫిబ్రవరి మొదటి వారం

రామతులసి గారికి నమస్కారం.

నేను గుర్తున్నానో లేదో. జనవరిలో పుస్తకాల ఎగ్జిబిషన్‌లో, పాత పత్రికల స్టాల్ దగ్గర, ఒకే సంచిక మీద మనిద్దరం ఒకేసారి చెయ్యి వేశాం. "తీసుకోండి, ఇది నా దగ్గరుంది. చూస్తే చెయ్యి ఊరుకోలేదు" అని మీరే వదిలేశారు. తర్వాత బయట టీ తాగుతూ 'నాంచారి పడవ' గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ షాహీదాని.

ఖాయం కాలేదని అప్పుడు చెప్పలేదు. నేను పనిచేసే పబ్లిషర్స్ వాళ్ళు 'నాంచారి పడవ' మొత్తాన్ని పుస్తకంగా వేస్తున్నారు. పిల్లల మాసపత్రికలో ఆర్టిస్టు దివి గారి బొమ్మలతో నెలకి రెండు పేజీల చొప్పున వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయిన బొమ్మల కథ ఇన్నేళ్ళకి ఒక్కచోటికి చేరబోతోంది. పాత పేజీలు స్కాన్ చేసి, మరకలు తీసి, అచ్చుకి సిద్ధం చేసే పని నాది. మా తాత బడే మియాకి ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్టుండేది. ఆ కొట్లో కూర్చునే నేను తెలుగు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఇంట్లో అమ్మ తిడితే ఆ పడవ నడిపే నాంచారి మాటల్లో ఎదురు చెప్పేదాన్ని, రెండు దెబ్బలు ఎక్కువ తినేదాన్ని.

మా ఎడిటర్ పవన్‌కుమార్ గారు ఒకటే మాట అంటున్నారు. "ఇప్పటి పిల్లలు ఊరుకోరు షాహీదా గారూ. ముందు బొమ్మలో ఉన్నది వెనక బొమ్మలో లేకపోతే ఫొటో తీసి ఊరంతా పంచుతారు. తప్పులన్నీ పట్టుకుని సరిచేసెయ్యండి."

నేను కొన్ని పట్టుకున్నాను. మిగతావి మీకు తెలియకుండా ఉండవు. ఫోన్లో బొమ్మ పంపితే వేలితో పెద్దది చేసి చూసి జరిపేస్తామని, అసలు సైజులో ప్రింట్లు తీసి పోస్టులో పంపుతున్నాను. వాటిమీదే పెన్సిల్‌తో రాసి పంపగలరా?

షాహీదా


చల్లపల్లి
ఫిబ్రవరి ఇరవై

షాహీదా గారికి,

గుర్తులేకపోవడమేమిటండీ. మీ కవరు వచ్చినప్పుడు ప్రీ-ఫైనల్ పేపర్లు దిద్దుతున్నాను. ఆ పేపర్లు ఇంకా అలాగే ఉన్నాయి. మా పిల్లలు సైన్సులో ఫెయిలైతే పాపం మీదే.

ముందు ఒక సంగతి. దివి గారు నీళ్ళు గీసే పద్ధతి చూశారా? ఒకదాని కింద ఒకటి సన్నగా వంపు గీతలు, మధ్యలో చిన్న చుక్క. అది పెడన కలంకారీ అచ్చుల అంచు. నేను పందెం కడతాను. మా అమ్మకి అలాంటి దుప్పటి ఉండేది. ఇక విలన్ కరణంగారి మీసం, ఆ గుండ్రటి కళ్ళు సాక్షాత్తూ కొండపల్లి బొమ్మ. మీరేమంటారు?

ఇక తప్పులు. పడవ ముక్కుకి వేసిన కన్ను ఒకచోట ఉంటుంది, పక్కనే ఉండదు. ఒక్క ప్రయాణంలో రెండు పౌర్ణములు వస్తాయి. ఎగిరిపోయిన చిలక పంజరంలో కూర్చుని జామకాయ తింటుంది. ఇవన్నీ ప్రింట్ల మీద గుర్తుపెట్టాను. కానీ వాటిని దిద్దితే మాత్రం మీ ఆఫీసు ముందు కూర్చుంటాను. ఆ చిలకని చూసే నేను బొమ్మలు చూడటం నేర్చుకున్నాను.

ఒకటి మాత్రం తప్పో కాదో ఇప్పటికీ తెలియదు. వరద కథ అయ్యాక నాంచారి కుడిచెయ్యి మళ్ళీ కనిపించదు. అంతకుముందు ఆ చేత్తోనే గెడ వేసి పడవ తోసింది, తాడు విసిరింది, కరణాన్ని చెంపమీద కొట్టింది. వరద తర్వాత ఆ చెయ్యి కొంగు కిందో, బస్తా వెనకో, నీళ్ళలోనో ఉంటుంది. లేకపోతే సరిగ్గా అక్కడికి బొమ్మ గడి అయిపోతుంది. చెయ్యి గీయడం రాదందామంటే ఎడమచేతి గోళ్ళు కూడా ముద్దొచ్చేలా గీశారు. చిన్నప్పుడు నేను, గోరింటాకు పెట్టుకుంది కాబోలు, చెదురుతుందని దాచుకుంది అనుకునేదాన్ని.

చూసి చెప్పండి.

రామతులసి


పటమట
మార్చి రెండో వారం

రామతులసి మేడమ్‌కి,

మీరు చెప్పింది నిజం. వరద తర్వాతి పేజీలన్నీ పరిచి చూశాను. ఒక్కచోట కూడా లేదు. ఎన్నిసార్లు చదివాను ఆ కథ! ఒక్కసారి కూడా ఆ చెయ్యి కోసం వెతకలేదు.

పవన్‌కుమార్ గారికి చూపించాను. ఆయన పెద్దగా కంగారు పడలేదు. "ఎడమచెయ్యి ఉంది కదా. దాన్ని చూపిస్తే కుడిచెయ్యి కంప్యూటరే గీసిపెడుతుంది. ఇప్పుడు అదెంత పని" అన్నారు. నాకు మనసొప్పక, ముందు ఆర్టిస్టుగారిని ఒక మాట అడుగుదామన్నాను.

దివి గారి అసలు పేరు వెంకటసుబ్బారావు గారు. గుణదలలో కూతురు శ్రీదుర్గ గారి దగ్గర ఉంటున్నారు. పుస్తకానికి అనుమతి కూడా ఆవిడ చేతే చెప్పించారు, తను మాట్లాడలేదు. నిన్న వెళ్ళాను. కాఫీ ఇవ్వబోతే రంజాన్ ఉపవాసం, రోజా అన్నాను. "అయితే ఆ ఫ్యాను కింద కూర్చోమ్మా" అని తన కుర్చీ నాకిచ్చి ఆయన మంచం మీద కూర్చున్నారు. గుండె ఆపరేషన్ అయిందట, మనిషి సన్నగా ఉన్నారు. కుంచె పట్టి చాలా ఏళ్ళయిందని శ్రీదుర్గ గారు చెప్పారు.

మీ పెడన సంగతి అడిగాను. నవ్వారు. అది కలంకారీ కాదట. నది వెనక్కి తగ్గాక లంకలో తడి ఇసుక మీద మిగిలే గీతలట. నేనేమో అప్పటి అచ్చు దిమ్మల్లో సన్న గీతలే బాగా పడతాయని అలా గీశారనుకున్నాను. ఇద్దరం ఓడిపోయాం.

తర్వాత కుడిచెయ్యి గురించి అడిగాను. నవ్వు ఆగిపోయింది.

"ఆ మనిషి చెయ్యి పోయిందమ్మా. తర్వాత ఆ చెయ్యి నాకు గీయబుద్ధి కాలేదు. ఆఖరికి ఏదీ గీయబుద్ధి కాలేదు."

"ఏ మనిషండీ?"

"రావమ్మ. మోపిదేవి అవతల రేవులో లంకకి పడవ నడిపేది. నేను లంక బడిలో డ్రాయింగ్ మాస్టారుని, రోజూ ఆవిడ పడవలోనే దాటేవాణ్ణి. నాంచారి అంటే ఆవిడే. చెరుకు గానుగలో చెయ్యి పడింది." ఇంకేం చెప్పలేదు. శ్రీదుర్గ గారికి కూడా ఈ సంగతి తెలియదట. ఆవిడ నన్ను గేటు దాకా సాగనంపుతూ, "నాన్న ఎందుకు గీయడం మానేశారో ఈరోజు తెలిసింది" అన్నారు.

మోపిదేవి మీకు దగ్గరే కదా మేడమ్? ఆవిడ ఉన్నారో లేరో ఒక్కసారి కనుక్కోగలరా?

షాహీదా


చల్లపల్లి
మార్చి చివరి వారం

చిరంజీవి షాహీదాకి,

'గారు' వదిలేశాను, ఏమీ అనుకోకు. నా పాత విద్యార్థినులంత వయసు నీది.

రావమ్మ గారు ఉన్నారు. ఆదివారం పొద్దున వెళ్ళాను. రేవులో అడిగితే ఎవరైనా చెప్తారు. డెబ్బై దాటి ఉంటాయి. రెండు గేదెలు, మనవరాలు చిన్ని, రేకుల వసారా. నేను వెళ్ళేసరికి గేదెకి గడ్డి వేస్తోంది. ఆ చెయ్యి నేను చూశాను షాహీదా. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. మధ్యలో ఏమీ లేదు. ఆ రెండిటితోనే గడ్డిమోపు పట్టుకుని లాగుతోంది.

"బొమ్మలేసే సుబ్బారావు గారు మీ గురించి చెప్పారమ్మా" అన్నాను.

గడ్డి కింద పడేసింది. "ఆ బాబు బతికే ఉన్నాడా?"

లోపలికి తీసుకెళ్ళి పీట వేసింది. తనని చూసి బొమ్మలు గీస్తాడని ఆవిడకి తెలుసు. మొదట్లో పత్రిక వచ్చినప్పుడల్లా పడవలోనే చూపించేవాడట, ప్రయాణికులు ఎగబడి చూసేవాళ్ళట. గానుగ ప్రమాదం అయ్యాక ఒక్కసారి ఆసుపత్రికి వచ్చాడట. గుమ్మం దగ్గర నిలబడి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయాడట. ఆ తర్వాత లంక బడి నుంచి బదిలీ చేయించుకున్నాడు.

నువ్వు పంపిన ప్రింట్లు చూపించాను. మొదటివి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వరద తర్వాతవి ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కటే తిప్పింది. నేనేమీ చెప్పలేదు, తనే పట్టుకుంది.

"ఇదేందమ్మా, చెయ్యి కొంగులో పెట్టుకుని కూర్చుంది? మరి పడవ ఎవరు నడిపారంట?"

ప్రింటు పక్కన పెట్టి తనే మళ్ళీ అంది.

"చెయ్యి పోయినాక ఇంకా ఎన్నేళ్ళు నడిపానో ఈ ఊళ్ళో అడుగు. వంతెన వచ్చిందాకా నడిపా. ఈ చేత్తోనే. పురుళ్ళకి పోయే ఆడోళ్ళని గాలివానలో దాటించా. ఆ బాబు చూళ్ళేకపోయాడంట, సరే. నేను రోజూ చూసుకోవట్లా?"

కోపంగా అనలేదు. అలా అంటూనే నాకు మజ్జిగ ఇచ్చింది.

ఈ మాటలు దివి గారికి మాత్రం చేరనివ్వకు. పెద్దాయన, ఆపరేషన్ అయిన మనిషి. దయతో దాచినదాన్ని ఈ వయసులో తప్పని చెప్పడం ఎందుకు? పుస్తకం ఎలా ఉందో అలా వేసేస్తే సరి.

రామతులసి


పటమట
ఏప్రిల్ మొదటి వారం

మేడమ్‌కి,

పండగ అయింది. సేమియా తినడానికి మీరుంటే బాగుండేదనుకున్నాను. ఇప్పుడు రాసేది మీకు నచ్చకపోవచ్చు.

కంప్యూటర్ బొమ్మ వచ్చింది. ఈ కవర్లోనే పెట్టాను, చూడండి. కుడిచెయ్యి, ఐదు వేళ్ళు, నిండా గాజులు. చాలా బాగుంది. అందుకే నాకు భయమేసింది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. నేను ఒక్కదాన్నే వద్దన్నాను. "కారణం చెప్పండి" అన్నారు పవన్‌కుమార్ గారు. రావమ్మ గారి సంగతి చెప్పాను. "బాధగానే ఉంది. కానీ చదివే పిల్లలకి ఇదంతా ఎలా తెలుస్తుంది? వాళ్ళకి కనిపించేది సగంలో మాయమైన చెయ్యి. మీరు చేయకపోతే బయట చేయిస్తాను. స్కూళ్ళు తెరిచేసరికి పుస్తకం రావాలి" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు మేడమ్, ఆయన ఇబ్బంది ఆయనది.

ఎలా ఉందో అలా వేస్తే సరి అన్నారు మీరు. ఎలా సరి? ఒకాయన దయతో దాచాడు, ఒకాయన అందం కోసం అతికిస్తున్నాడు. చెయ్యి ఎవరిదో ఆవిడని అడిగింది ఎవరు? ఆవిడ అడిగిన ప్రశ్న మీరు మజ్జిగతో పాటు తాగేసి వచ్చేశారు. మన్నించండి, ఇంకోలా రాయడం చేతకాలేదు. దివి గారికి నేను చెప్పలేదు. మీరు వద్దన్నారని ఆగాను. కానీ ఆగడం నాకు కష్టంగా ఉంది.

షాహీదా


చల్లపల్లి
ఏప్రిల్ పది

షాహీదా,

నీ ఉత్తరం చదివి మొదట ఒళ్ళు మండింది. రెండు రోజులు జవాబు రాయలేదు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి నేను చెప్పడమే తప్ప నాకొకరు చెప్పడం అలవాటు తప్పింది.

మూడో రోజు మళ్ళీ రేవుకి వెళ్ళాను. నీ ఉత్తరం రావమ్మ గారికి చదివి వినిపించాను, మజ్జిగ సంగతితో సహా. కంప్యూటర్ బొమ్మ కూడా చూపించాను. "గాజులు బాగున్నాయి" అంది. తర్వాత, "మీరిద్దరూ ఉత్తరాలు రాసుకుంటా కూచోబాకండి. ఆ బాబు ఇల్లెక్కడో చెప్పండి, నేనే పోతా" అంది.

బుధవారం చిన్నిని తీసుకుని బస్సెక్కుతుంది. నాకు స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ, రాలేను. బస్టాండుకి నువ్వు వెళ్ళు. శ్రీదుర్గ గారికి ముందే ఫోన్ చేసి, ఆయన మందులు దగ్గర పెట్టమను. ఏం జరిగిందో ఒక్క మాట వదలకుండా రాయి.

రామతులసి

నీ 'మేడమ్' కూడా మానెయ్.


పటమట
ఏప్రిల్ మూడో వారం

అక్కా,

బస్టాండులో రావమ్మ గారిని నేను గుర్తుపట్టాను. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి కాదు. బస్సు దిగి, జనాన్ని చూసి, చీర కుచ్చిళ్ళు ఒక్క ఎత్తు ఎత్తి నడిచింది. అది నాంచారి నడకే. దివి గారు ఎంత బాగా చూశారో అప్పుడు తెలిసింది.

గుణదల ఇంట్లో ఆయన తెల్ల చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చుని ఉన్నారు. ఆవిడ రాగానే లేచి నిలబడ్డారు. "బాగున్నావా రావమ్మా" అన్నారు. మొహం చూస్తున్నారు, గోడ చూస్తున్నారు, చిన్నిని చూస్తున్నారు. ఆ చెయ్యి ఒక్కటే చూడరు.

ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుంది. గేదెల గురించి చెప్పింది, లంకలో ఎవరున్నారో ఎవరు పోయారో చెప్పింది. ఆయన ఊఁ కొడుతున్నారు. ఉన్నట్టుండి ఆవిడ కొంగులోంచి కుడిచెయ్యి తీసి టీపాయ్ మీద పెట్టింది.

"గియ్యి బాబూ."

ఆయన తలొంచుకున్నారు. "నా చెయ్యి వణుకుతోంది రావమ్మా. గీసి చాలా ఏళ్ళయింది."

"నాది వణకదులే. కదలకుండా పెడతా. నువ్వు గియ్యి."

శ్రీదుర్గ గారు పిల్లల డ్రాయింగ్ పుస్తకం, పెన్సిల్ తెచ్చి పెట్టారు. ఆయన చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత పెన్సిల్ తీసుకున్నారు. అప్పుడు చూశారక్కా, ఆ చేతిని. చూస్తూ ఏడ్చారు. ఆవిడ చెయ్యి తీయలేదు. ఏడుపు ఆపకుండానే గీయడం మొదలుపెట్టారు. మొదటిది చించేశారు. రెండోదాన్ని ఆవిడ తిప్పి చూసి, "బొటనేలు ఇంకా లావు. పని చేసేది అదేగా" అంది. ఆయన చెరిపి లావు చేశారు.

ఆ బొమ్మ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. పవన్‌కుమార్ గారు లేచి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో చూశారు. ఆ తర్వాత అడిగారు. "కథకి ముగింపు లేదు కదా. ఆయన రెండు పేజీలు గీసివ్వగలరేమో అడగండి. పాతవాటి జోలికి వెళ్ళొద్దు." చిలక కూడా పంజరంలోనే ఉంటుంది.

ఒక్కటే చిక్కు. టీపాయ్ మీద పెట్టిన చెయ్యి గీయగలిగారు కానీ, అది గెడ ఎలా పట్టుకుంటుందో ఆయనకి ఊహ అందడం లేదట. ఫోన్లో రావమ్మ గారిని అడిగితే, "చెప్తే రాదు. రా, చూపిస్తా" అన్నారట. మే మొదట్లో శ్రీదుర్గ గారు ఆయన్ని కారులో రేవుకి తీసుకొస్తారు. నాకు అట్ట పని ఉంది, కదలడానికి లేదు. ఈసారి చూడటం మీ వంతు.

షాహీదా


చల్లపల్లి
మే నెల

షాహీదా తల్లీ,

ఈ కవర్లో అట్టల మధ్య పెట్టినవి ఆ రెండు పేజీలు. మడతపడకుండా తీయి. ఆయన మా ఇంట్లో రెండు రోజులు ఉండి, మా డైనింగ్ టేబుల్ మీద ఇంకు పట్టించి పూర్తిచేశారు. రేవులో గీసుకున్న పెన్సిల్ బొమ్మల్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. గీతలు కొన్నిచోట్ల వణికాయి. వాటిని నున్నగా చెయ్యొద్దని ఆయన చెప్పమన్నారు. చీర అంచు మొదటి పేజీలో ఒకలా, రెండో పేజీలో ఒకలా ఉంది. చూపిస్తే, "మీరున్నారు కదా పట్టుకోడానికి" అన్నారు.

ఇక రేవు సంగతి. అక్కడ ఇప్పుడు దాటే పడవ లేదు. చేపల వాళ్ళ దగ్గర ఒకటి అడిగి తెచ్చారు. రావమ్మ గారు పొద్దున్నే తలస్నానం చేసి జరీ అంచు చీర కట్టుకుంది. దివి గారిని చెయ్యి పట్టుకుని పడవలోకి దించింది. ఏ చేత్తో పట్టుకుందో నువ్వు అడక్కముందే చెప్తున్నాను, ఆ చేత్తోనే. ఆయన ముందు బల్ల మీద కూర్చున్నారు, శ్రీదుర్గ గారు గొడుగు పట్టారు, నేను వెనక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఈత రాదు.

మొదటి రెండు గెడలూ సరిగ్గా పడలేదు. పడవ అడ్డంగా తిరిగింది. ఒడ్డున చిన్ని "నానమ్మా, వద్దులే" అని కేకలు. ఆవిడ పట్టించుకోలేదు. గెడని బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి, మణికట్టు తిప్పి, భుజంతో తోసింది. బరువంతా భుజందే షాహీదా. వేళ్ళు దారి మాత్రమే చూపిస్తాయి. ఇది ఏ ఊహకీ అందేది కాదు. పడవ తిన్నగా సాగింది.

దివి గారు గీస్తున్నారు. ఒక కాగితం అయ్యాక ఇంకొకటి. పాయ మధ్యకి వెళ్ళాక పెన్సిల్ ఆగిపోయింది. కాగితం మోకాళ్ళ మీదే ఉంది, ఆయన మాత్రం ఆ చెయ్యి లేవడం, దిగడం చూస్తూ ఉండిపోయారు. నీళ్ళ చప్పుడు, గెడ చప్పుడు, అంతే.

రావమ్మ గారు ఆయన వైపు తిరిగి చూసింది.

"చూసింది చాల్లే బాబూ. ఒడ్డొచ్చేస్తంది, గియ్యి."

మీ అక్క
రామతులసి